తుప్పు వదిలిన ఉస్తరా

ఉమేష్ వెంట వచ్చిన మనిషిని చూడగానే నూకమ్మ చేతిలోని ఉస్తరా, ఆ మంగలి కత్తి, తోలు పట్టీ మీదే ఆగిపోయింది.

మూడేళ్లుగా ఆమె ఆ మొహం కోసమే కాచుకుని ఉంది. ఆడదానివై ఉండి మగాళ్ల గడ్డాలు గీస్తావా, నిన్ను చూస్తేనే తలవంపులుగా ఉందని, ఖుర్సీపార్ బజారులో నలుగురూ వింటుండగా అనేసి పోయాడు. మొగుడు పోయాక ఈ కొట్టే ఆమెకు అన్నం పెట్టింది. ఆ మాట ఇంకా గొంతులో ముల్లులా కదులుతూనే ఉంది.

ఏడాదిగా గడ్డానికి ఆమె కొట్టుకొచ్చే ఉమేష్‌కి పాత ఉస్తరాలంటే పిచ్చి. దుర్గ్‌లో పాత ఇనుప కొట్టులో దొరికినదాన్ని ఆమెకిచ్చి వెళ్లాడు. తుప్పు వదలగొట్టి, ముందు గరుకు రాయి మీద, ఆపైన నున్నటి రాయి మీద నూరి, దానికి మళ్లీ ప్రాణం పోసింది. దాంతో మొదటి గడ్డం కాబోయే బావకే చేయించాలని సరదాపడి, రాయ్‌పూర్ నుంచి వచ్చినవాణ్ణి ఎక్కడికన్నది చెప్పకుండా లాక్కొచ్చాడు.

“మా చెల్లిని ఇస్తన్నాం పిన్నీ. పాపం, రాజ్‌కిరణ్ బావకి తల్లి లేదు, పోయిందట. మొహం మెరిసిపోవాల,” అన్నాడు.

రాజ్‌కిరణ్ గుమ్మం దాటలేదు. ఇంట్లోనే గీసుకోవడం అలవాటన్నాడు. అర్జెంటు పనుందన్నాడు. ఉస్తరా అంటే అంత భయమైతే రేపు మా చెల్లితో ఎలా వేగుతావని ఉమేష్ నవ్వి, భుజాలు పట్టి కుర్చీలో కూలేశాడు.

నూకమ్మ నురగ పట్టించింది. అతని తల వెనక్కి వాల్చింది. గొంతు మీద నరం కొట్టుకుంటోంది. దాని పక్కనే అంచు ఆనించింది. అద్దంలో అతని కళ్లు ఆమెను బతిమాలుతున్నాయి.

“కదలకు బాబూ. కొత్త పదును. ఏది దొరికితే అది తెగుద్ది,” అంది మెల్లగా.

అతను ఊపిరి బిగబట్టాడు. గొంతు అయింది. బుగ్గలయ్యాయి. ఉమేష్ చెల్లెలికి పంపడానికి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడు ఉస్తరా ముక్కు కిందికి పాకింది. రెండే గీతలు.

తువ్వాలు మీద రాలిన మీసం చూసి ఉమేష్ ఫోను దించేశాడు.

“ఇదేటి పిన్నీ? వారంలో పెళ్లి. ఇంట్లో పెద్దోళ్లు పోయినట్టు పెళ్లికొడుక్కి మీసం తీసీసినావేటి?”

నూకమ్మ ఉస్తరా తుడిచింది. మడిచి ఉమేష్ చేతిలో పెట్టింది.

“తల్లి పోయిందని మీకాడ చెప్పీసినాడు గదా నాయినా, మరి మీసం తియ్యకుండా పీటల మీద ఎలా కూకోబెడతాను నా కొడుకుని?”