పదహారు అక్షరాల తాళం

"పాస్‌వర్డ్‌కి పేర్లు, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఇవేవీ వద్దు చెల్లెమ్మా," అన్నాడు ఫోన్ల మెకానిక్, సొరుగులోంచి రెండు పాచికలు తీస్తూ. "మనిషి బుర్రకి గుడ్డిగా ఎంచడం చేతకాదు. తిరిగి తిరిగి తెలిసినచోటికే వస్తుంది. పాచికకైతే చుట్టాలుండరు."

కౌంటర్ అవతల నిలబడ్డ ఆమె తలూపింది. షాపు కంప్యూటర్లో ఆమె తెరిచి చూపించిన అకౌంటు ఆమె భర్తది. ఆయన పోయి ఐదు నెలలు. నవ్వుతున్న ఫొటో కింద 'ఈ రోజు ఒంటిగంటకు ఆన్‌లైన్‌లో ఉన్నారు' అని చూసి మెకానిక్‌కి ఒళ్లు జలదరించింది.

"రోజూ ఆ టైముకే మా అత్తగారికి ఇందులోంచి మెసేజ్ వస్తుంది," అంది. "'అమ్మా, తిన్నావా' అని. కొడుకు పోయాక ఆవిడ ముద్ద ముట్టలేదు. అది చూశాకే తినడం మొదలుపెట్టింది. పోనీలే అనుకున్నా. తర్వాత 'ఎప్పుడొస్తావురా' అని అడిగింది. 'ఆదివారం' అని జవాబొచ్చింది. ఆదివారమంతా వానలో గేటు దగ్గరే నిలబడింది. జ్వరం ఇంకా తగ్గలేదు. మళ్లీ ఆదివారం నిలబడుతుందట. ఈసారి ఆవిడ మాకు దక్కదన్నా."

"ముసలితల్లితో ఆటలా? వాడి చేతులు పడిపోను."

ఆమె చేతులు కొంగులోకి లాక్కుంది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా మరిది."

"ఇంకేం. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు."

గోడమీద ముప్ఫై ఆరు గడుల పట్టీ ఉంది, గడికో అక్షరమో అంకో. ఒక పాచిక అడ్డవరస చెబుతుంది, రెండోది నిలువువరస. పదహారుసార్లు వేసి, వచ్చినవన్నీ చీటీమీద రాశాడు. తలెత్తేసరికి ఆమె వీధివైపు తిరిగి నిలబడి ఉంది.

"ఇదిగో, దాచుకోండి."

"నాకు చూపించొద్దన్నా. టైపు చేసి చింపేయండి."

"మరి మీరెలా తెరుస్తారు?"

"తెరవను."

"మర్చిపోతే తెరవడానికి మీ నంబరు ఇచ్చి ఉంది."

"అదీ తీసేయండి."

మెకానిక్ చెయ్యి ఆగిపోయింది. "ఆలోచించుకోండి. ఆయన ఫొటోలు, ఆయన గొంతు, అన్నీ ఇందులోనే ఉండిపోతాయి. ఇక మీక్కూడా దక్కవు."

ఆ గొంతు మళ్లీ వినలేనని ఆమెకి తెలుసు. తెరమీద నవ్వుతున్న ఫొటోని ఒక్కసారి చూసింది.

"కానివ్వండి," అంది.

అతను టైపు చేశాడు. నంబరు తీసేశాడు. అన్ని ఫోన్లలోంచీ లాగౌట్ కొట్టగానే ఫొటో మాయమైంది. చీటీని ముక్కలు ముక్కలుగా చింపి బుట్టలో పడేశాడు. అయినా అతని మనసు ఊరుకోలేదు.

"చేసిందొకరు, శిక్ష మీకా? మీ మరిదికి నాలుగు తగిలిస్తే పోయేదిగా."

"అతనికి పాపం ఏమీ తెలీదు."

"మరెవరు చెల్లెమ్మా?"

ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది.

"ఒంటిగంటైతే ఎంత ఆపుకున్నా నా చేతులే ఆగట్లేదన్నా."