అడిగి చెప్తాను

"ఎనిమిది లక్షలు. అంతకు మించి పైసా పెట్టొద్దంది మా ఆవిడ."

డ్రాయింగ్ మాస్టారు రెండు హెల్మెట్లూ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

సేల్స్‌మన్ ధరల కాగితం వైపు చూశాడు. కారు ధర ఎనిమిది లక్షల నలభై వేలు. ఈరోజు నెలాఖరు. ఇంకొక్క బండి అమ్మితే ఉద్యోగం ఖాయం, లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు. పొద్దుట్నుంచీ షోరూం గుమ్మం తొక్కింది ఈయన కాక ఇంకొక్కరే. ఆయన కూడా ఏసీ కింద కాసేపు నిలబడి, చెమట ఆరగానే వెళ్లిపోయాడు.

"ఒక్క నిమిషం సార్. మేనేజరు గారిని అడిగి చెప్తాను."

షోరూం చివర నల్ల అద్దాల గది మేనేజరు గారిది. వేరే బ్రాంచి నుంచి ఈ నెలే వచ్చారు. వచ్చిన మొదటిరోజే అందర్నీ నిలబెట్టి, "ఎవరి చుట్టం వచ్చినా ధర ఒక్కటే. మొహమాటాలు గుమ్మం బయటే విడిచి రండి" అని తేల్చేశారు.

"పదివేలు తగ్గించు" అన్నారిప్పుడు, తలెత్తకుండా. "ముందు ఆయనకి కాఫీ ఇప్పించు. చక్కెర లేకుండా."

సేల్స్‌మన్‌కి ముచ్చటేసింది. అద్దంలోంచి ఒక్క చూపు చూసి మనిషి ఒంట్లో చక్కెర కూడా పసిగట్టేశారు. మేనేజర్లు ఊరికే అవుతారా!

మాస్టారు కాఫీ తాగారు గానీ మెట్టు దిగలేదు. పదివేలనగానే ఫోను పట్టుకుని లేచారు.

"మా ఆవిణ్ణి అడిగి చెప్తాను."

ఆయన వరండాలోకి వెళ్లగానే సేల్స్‌మన్ మళ్లీ అద్దాల గదికి పరిగెత్తాడు. మేనేజరు గారు ఫోన్లో ఉన్నారు. ఆగమని చేత్తో సైగ చేశారు. ఎప్పుడు చూసినా ఫోనే. పెద్ద ఉద్యోగమంటే అంతే మరి, అనుకుంటూ వెనక్కొచ్చేశాడు.

మాస్టారు కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చారు.

"ఈ రంగు బండి వానాకాలం నుంచీ మీ దగ్గరే పడి ఉందిటగా? ఎవరూ కొనడం లేదట."

సేల్స్‌మన్ చూపు బండి మీదికి పోయింది. ఆ సంగతి షోరూం దాటి ఎలా వెళ్లింది?

"ఎవరు చెప్పారు సార్?"

"మా ఆవిడే."

"మేడమ్ గారు ఏం చేస్తుంటారు?"

"నన్ను సరిదిద్దుతుంటుంది."

ఇక లాభం లేదని సేల్స్‌మన్ తన అస్త్రం తీశాడు. మొన్న సోమవారం మేనేజరు గారు నేర్పిందే. కొనేవాడు ధర దగ్గర మొండికేస్తే నెలవారీ లెక్కలోకి దింపాలి. అప్పుడు ధర తనంతట తనే మర్చిపోతాడు.

"ధర సంగతి వదిలెయ్యండి సార్. నెలకి ఎంత కట్టగలరు? ఆరేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ మీకు తెలియను కూడా తెలియదు."

మాస్టారి కళ్లు మెరిశాయి. సగం పడిపోయారు. అంతలోనే మళ్లీ ఫోను.

"అడిగి చెప్తాను."

వచ్చాక వేళ్లు మడుస్తూ అప్పజెప్పారు. "ఈఎంఐ మాటెత్తితే ముందు ధర తేల్చమనమంది. ఆరేళ్లొద్దు, నాలుగేళ్లు చాలంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా తీసేయించమంది."

సేల్స్‌మన్ కుర్చీలో జారిపోయాడు. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"సార్, ఉన్న మాట చెప్తాను. ఈ బండి పోకపోతే రేపట్నుంచి నాకు పని లేదు. మేనేజరు గారు చూడ్డానికి నెమ్మదే గానీ, మాటంటే మాటే."

మాస్టారి మొహం మెత్తబడింది. "నాకిప్పుడే సంతకం పెట్టెయ్యాలనుంది నాయనా. కానీ ఇంటికెళ్లాక నేనూ బతకాలిగా."

"మనిద్దరిదీ ఒకటే బతుకు సార్."

"అచ్చంగా ఒకటే" అన్నారు మాస్టారు, ఎందుకో గట్టిగా నవ్వి.

సేల్స్‌మన్ ఆఖరిసారి అద్దాల గదిలోకి వెళ్లాడు. "లేచి వెళ్లిపోయేలా ఉన్నారండీ."

"వెళ్లరు. ఎనిమిది ఇరవై దగ్గర నిలబడు. ఫీజు తీసెయ్."

ఎనిమిది ఇరవై అనగానే మాస్టారు అలవాటుగా ఫోను తీశారు. ఎదురుగా సేల్స్‌మన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. టై ముడి పట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. మాస్టారు ఆ మొహాన్ని కాసేపు చూశారు. ఫోను జేబులో పెట్టేశారు.

"పెన్నివ్వు."

"మేడమ్ గారిని అడగరా సార్?"

"అడిగితే ఒప్పుకోదు. పెళ్లయ్యాక మొదటిసారి అడక్కుండా ఒక పని చేస్తున్నాను. ఆలస్యం చెయ్యకు, ధైర్యం చల్లారిపోతుంది."

సంతకాలయ్యాయి. బండి వారంలో ఇంటికొస్తుంది. సేల్స్‌మన్ మాస్టారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మేడమ్ గారికి నా తరఫున క్షమాపణ చెప్పండి సార్."

"చెప్తాను. చెప్పడానికి నేను మిగిలితే."

షట్టర్లు సగం దిగాయి. మాస్టారు బయట పాత స్కూటరు మీద కూర్చుని, ఒక హెల్మెట్ తలకి పెట్టుకుని, రెండోది అద్దానికి తగిలించారు. స్కూటరు మాత్రం తీయలేదు.

అద్దాల గదికి తాళం వేసి వచ్చిన మేనేజరు గారు ఆ రెండో హెల్మెట్ తీసి పెట్టుకుని, వెనక సీటెక్కి, "ఇంకొక్కసారి ఫోను చేసుంటే మరో ఐదు వేలు దిగేదాన్ని కదండీ, మీకు బేరం ఎప్పుడొచ్చింది గనక!" అంది.