నాలుగో గాటు

“చాబీ ఇయ్యి వదినె. నిలబడి ముచ్చట వెట్టే టైం లేదు నాకు.”

వీరేందర్ చెప్పులతోనే వాకిట్లోకి వచ్చాడు. సిరిసిల్లలో మొదటి బస్సు ఎక్కి, జగిత్యాలలో దిగి, నేరుగా వచ్చినట్టున్నాడు. రాజలక్ష్మి గడప దిగలేదు.

“నేను మల్యాల బడికి దేని మీద పోవాలె?”

“బస్సులు లేవా? మిగిలిన టీచర్లు పోతలేరా? అది మా అన్న బండి. నీల అలిగి కోరుట్లకు, తల్లిగారింటికి పోయింది. ఫోన్ జేస్తే ఎవ్వలు ఎత్తుతలేరు. పోయి ఎనుక కూసుండవెట్టుకొని తోల్కస్త.”

“రానంటే?”

“నా పెండ్లాం. రానంటదా?”

ఈ మరిదితో వాదించి నెగ్గినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. భర్త ఆనంద్ ఉన్నప్పుడు తమ్ముడికి అడ్డం పడేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది.

వీరేందర్ వాకిట్లో ఉన్న బండి దగ్గరికి పోయి, తాళం చెడిన సీటు ఎత్తి, కింద ఉన్న పానా తీశాడు. వెనుక చక్రం పక్కన స్ప్రింగు అడుగున గాట్లున్న పట్టీ ఒకటి ఉంటుంది. ఒక్కరే నడిపితే రెండో గాటు. వెనుక మనిషి కూర్చుంటే నాలుగో గాటుకు బిగించాలి, లేకపోతే బండి కుంగుతుంది. మరమగ్గాల మధ్య పెరిగినవాడికి ఇనుము సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పానా తగిలించబోయి ఆగిపోయాడు.

“నాలుగుల ఉన్నదేంది?”

రాజలక్ష్మి చెయ్యి తలుపును పట్టుకుంది. నిన్న సాయంత్రం వచ్చాక దించాల్సింది. మరిచిపోయింది.

ఆనంద్ ఉన్నన్నాళ్లూ ఆ పట్టీ నాలుగో గాటులోనే ఉండేది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె నేల మీద కూర్చుని, తన చేత్తోనే రెండుకు దించింది. ఈ మరిది చూస్తుండగానే దించింది.

“బియ్యం బస్తా తెచ్చిన,” అంది.

వీరేందర్ వంగి వెనుక ఫుట్‌రెస్టులు చూశాడు. రెండూ తెరిచి ఉన్నాయి. రెండింటి మీదా ఎండిన మట్టి.

“బియ్యం బస్తాకు కాళ్లు మొలిచినయా?”

ఆమె జరిగి గడప మధ్యలో నిలబడింది.

“రెండు దిక్కుల కాళ్లేసి కూసున్నరు. ఆడోళ్లయితే ఒక్క దిక్కుకే కూసుంటరు. ఎవడాడు?”

“నీకెందుకు?”

“నాకెందుకా? మా అన్న బండి మీద ఎవన్నో తిప్పుకుంట నాకెందుకు అంటవా? ఫోటో మీది దండ వాడకముందే మనిషిని మార్చినవు గదనే!”

పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నావిడ చేతులు ఆగాయి. రాజలక్ష్మి అటు చూసింది, మళ్లీ మరిది ముఖం చూసింది. కాదంటే, మరి ఎవరని అడుగుతాడు. ఔనంటే పోయేది తన పేరొక్కటే.

“ఉన్నడు,” అంది. “పేరు మాత్రం చెప్ప.”

“ఇంట్ల ఉన్నడా?”

అతను మెట్టెక్కాడు. ఆమె రెండు చేతులూ ద్వారానికి అడ్డం పెట్టింది.

“ఒంటిగున్న వదినె ఇంట్లకు జొరబడ్డవని అరుస్త. ఆమె చూస్తనే ఉన్నది. ఇంకో అడుగెయ్యి!”

వీరేందర్ మిద్దె వైపు చూసి, మెట్టు దిగాడు. కానీ నోరు ఆగలేదు.

“నీ మాటలు ఇనే మా ఇంటిది గూడ ఖరాబైంది. దవడ మీద ఒక్కటిస్తే సంచి సదురుకున్నది. రేపు మీ బడికస్త. పోరలకు ఏం పాఠం చెప్తున్నవో మీ హెడ్మాస్టర్‌నే అడుగుత.”

“అడుగు.”

ఆమె బొడ్లో నుంచి తాళంచెవి తీసి అతని తల మీదుగా గేటు దగ్గరికి విసిరింది. అతను పోయి ఏరుకున్నాడు. వాకిట్లో ఉమ్మి, బండి తీశాడు.

ఆ చప్పుడు కోరుట్ల రోడ్డు మోతలో కలిసిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. మిద్దె మీద ఆవిడ లేదు. అప్పుడే కిందికి దిగినట్టుంది. సాయంత్రానికి వాడకట్టంతా తెలుస్తుంది, రేపటికి బడికి. రాజలక్ష్మి గేటు వేసింది. లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టి, నడిమింటి గది తలుపు మీద మెల్లగా రెండుసార్లు కొట్టింది.

“పోయిండు, ఇగ బయటికి రా నీలా.”