పన్నెండో చీటీ

లిఫ్టాయన రెండు పుస్తకాలనూ బల్ల మీద పెట్టి, నిలబడకుండానే వెనక్కి తిరిగాడు. లైబ్రరీ గుమాస్తాకు ప్రాణం ఉసూరుమంది.

"ఏమయ్యా, ఎలా ఉన్నాయో చెప్పకుండానే పోతున్నావేంటి?"

"లిఫ్టు దగ్గర స్ట్రెచర్ ఆగిపోయిందట సార్, ఫోను మీద ఫోను. డ్యూటీ దిగాక వస్తా. చీటీ రాసేశాలెండి!" అంటూ అతను రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఆసుపత్రిలోకి పరిగెత్తాడు.

లిఫ్టాయన పెద్ద చదువరేం కాదు. ఆసుపత్రి లిఫ్టులో స్టూలు మీద కూర్చుని, ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ మధ్య దొరికిన ఖాళీలో చదువుతాడు. కానీ ఉన్న మాట మొహం మీదే అనేస్తాడు. ఓ డిటెక్టివ్ నవలకు, "రెండో అంతస్తు దాటకముందే హంతకుడు దొరికిపోయాడు" అన్నాడు. ఓ రాజుల కథకు, "రాజులు ఎక్కువ, కథ తక్కువ" అన్నాడు. అతనితో ఒక్కటే తంటా. పేజీ గుర్తుకు మందుల బిల్లో, మాత్రల అట్టో, చేతికి ఏది దొరికితే అది పెట్టేసి, అలాగే తిరిగి ఇచ్చేస్తాడు. అవన్నీ ఏరి పారెయ్యలేక గుమాస్తా విసుక్కునేవాడు.

ఇవాళ మాత్రం అతని కోసమే పొద్దుటి నుంచి పడిగాపులు పడ్డాడు. ఈ ఏడాది వచ్చిన కొత్త పుస్తకాల్లో పాఠకులు మెచ్చినదానికి బహుమతి ఇస్తున్నారు. పుస్తకం నచ్చినవాళ్ళు ఓ చీటీ రాసి, తిరిగిచ్చేటప్పుడు అందులో పెట్టాలి. ఎక్కువ చీటీలు వచ్చిన పుస్తకాన్ని ఊళ్ళోని లైబ్రరీలన్నీ కొంటాయి. లెక్క ఇవాళ నాలుగింటికి. పోటీ చివరికి ఎర్రట్ట నవలకూ పచ్చట్ట నవలకూ మధ్య మిగిలింది. సొరుగులో రెండు కవర్లున్నాయి. ఇందులో పదకొండు చీటీలు, అందులో పదకొండు.

ఎర్రట్ట నవల రాసింది ఓ వకీలు. గుమాస్తాకు స్వయానా తోడల్లుడు. పచ్చట్టది కలం పేరుతో గుమాస్తాయే రాశాడు. ఆ సంగతి అతని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్ముడుపోని కాపీలు మంచం కింద కట్టలుగా పడున్నాయి. చీపురు వాటికి తగిలినప్పుడల్లా ఆవిడ, "మా బావ పుస్తకమైతే షాపువాళ్ళు అద్దాల వెనక పెట్టారట" అని ఓ మాట విసురుతుంది. ఆ పూట గుమాస్తాకు అన్నం సహించదు. అత్తారింట్లో కూడా కుర్చీ ఎప్పుడూ వకీలుదే, స్టూలు తనది. ఈ ఒక్క చోటైనా తన పుస్తకం పైన ఉండాలని అతని ఆశ.

లిఫ్టాయన ఇచ్చి వెళ్ళినవి ఆ రెండే. ముందు పచ్చట్ట తెరిచి దులిపాడు. ఏమీ రాలలేదు. తిరగేసి మళ్ళీ దులిపాడు. దుమ్ము రాలింది.

ఎర్రట్ట తెరిచాడు. నలభై రెండో పేజీలో చీటీ కనిపించింది.

"చివరి పేజీ అయ్యాక కాసేపు లిఫ్టు తలుపు తియ్యలేదు. కింద జనం బెల్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నా. ఇరవై ఏళ్ళ సర్వీసులో జనాన్ని నిలబెట్టడం ఇదే మొదలు. ఇది రాసినాయన ఎవరో గానీ, చల్లగా ఉండాలి."

గుమాస్తాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇలాంటి నాలుగు ముక్కలు తన గురించి ఎవరైనా రాస్తే ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేవాడు. వకీలుకు ఇదో లెక్కా? చదివి జేబులో కుక్కుకుని మర్చిపోతాడు. ఉన్నవాడికే అన్నీ.

"ఏం తమ్ముడూ, ఒక్కడివే నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

గుమ్మంలో వకీలు. అప్పుడే సన్మానానికి బయల్దేరినట్టు ఇస్త్రీ చొక్కా. పక్కన లైబ్రరీ కార్యదర్శి.

"చేతిలో ఏంటది?" అన్నాడు వకీలు లోపలికి వస్తూ.

గుమాస్తాకు దాచే చోటు దొరకలేదు. చీటీని ఉండ చేసి నోట్లో వేసుకున్నాడు.

"తలనొప్పి మాత్ర అన్నయ్యా."

నమిలాడు. గొంతు దిగలేదు. బల్ల మీద చల్లారిన టీ ఎత్తి గడగడా తాగేశాడు. దిగింది.

కార్యదర్శి కవర్లు విప్పి రెండుసార్లు లెక్కపెట్టాడు. "పదకొండూ పదకొండూ. ఒక్క చీటీ అటో ఇటో ఉంటే ఈ తంటా ఉండేది కాదు. ఇంక బొమ్మా బొరుసే గతి."

పచ్చట్ట రచయిత రాలేదు కాబట్టి వకీలే బొమ్మ అడిగాడు. బొమ్మే పడింది. కార్యదర్శి చెయ్యి కలిపి, అతన్ని ఫోటోకు తీసుకెళ్ళాడు.

గుమాస్తా కూలబడ్డాడు. అయినా లోపల ఓ మూల చల్లగానే ఉంది. ఓడింది నాణెం దగ్గర, పాఠకుల దగ్గర కాదు. పైగా ఆ మెచ్చుకోలు వకీలు కంట పడలేదు. అది చాలు.

అయిదింటికి లిఫ్టాయన వచ్చాడు.

"ఎవరు గెలిచారు సార్?"

"ఎర్రట్ట. నీకు సంతోషమేగా?"

"దానికిచ్చారా!" లిఫ్టాయన నోరెళ్ళబెట్టాడు. "నలభై పేజీలు లాగేసరికి తలప్రాణం తోకకొచ్చింది సార్. పొద్దున ఇంక నా వల్ల కాదని, జేబులో ఉన్న చీటీ అక్కడే గుర్తు పెట్టి మూసేశా. తీరా చూస్తే అది నేను రాత్రి పచ్చట్ట పుస్తకానికి రాసిన చీటీ. ఇప్పుడే గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చా."

గుమాస్తా చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"బహుమతి పోతే పోయింది గానీ, ఆ చీటీని మాత్రం పారెయ్యకండి సార్. ఆ రాసినాయనకి ఎలాగైనా చేరేట్టు చూడండి."