అరువు గొంతు

ఎరిక్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

వేన్నీళ్ళు తాగాడు. మిరియాలు నమిలాడు. లాభం లేదు. నిన్న రైల్లో పట్టిన జలుబు సరిగ్గా ఇవాళే గొంతు మీద పడింది.

బొమ్మల సినిమాల్లో ఏనుగుకీ ఎలుకకీ గొంతిచ్చే డబ్బింగ్ ఆర్టిస్టుకి ఇంతకన్నా నగుబాటు ఏముంటుంది?

అవతల రైల్వే కాలనీలోని ఓల్డ్ సెటిల్‌మెంట్ హాలు జనంతో నిండిపోయింది. స్నేహితుడు అమర్‌నాథ్, జెన్నిఫర్‌ల పెళ్ళికి ఇవాళ్టితో పాతికేళ్ళు.

"మావోడు మైకు పట్టినాడంటే పొట్టలు సెక్కలే!" అని అమర్‌నాథ్ వారం నుంచీ తన రైల్వే వర్క్‌షాపంతా చాటాడు.

ఎరిక్ తెర వెనక తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి బాబూ, ఒంట్లో బాగోనేదా?"

వెనక గుమ్మంలో ఎవరో నెరిసిన జుట్టాయన. భుజాన సంచి. లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

ఎరిక్ గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఆడించాడు. రాసుకొచ్చిన కాగితం ఆయన చేతిలో పెట్టి దండం పెట్టాడు.

ఆయన చదువుకున్నాడు. ఒకచోట ఆగాడు. చాలాసేపే ఆగాడు.

"నాను సదివేత్తాను. నువ్వు ముందర పెదాలు ఆడించు. సినిమాల్లో సేత్తారు కదా, అలగ."

ఎరిక్ పనిచేసే మైకు ఆయనకిచ్చి, పనిచెయ్యని మైకు పట్టుకుని వేదికెక్కాడు. తెర వెనక నుంచి గొంతు మొదలైంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! అమర్‌నాథ్ ప్యాసింజర్, జెన్నిఫర్ గారి సిగ్నల్ కోసం పాతికేళ్ళుగా ఔటర్‌లోనే నిలబడి ఉన్నది!"

హాలు గొల్లుమంది. వంద గొంతులు మార్చేవాడు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

"హిందువుల అబ్బాయిని చేసుకుందని అలిగి, పెళ్ళికి రాని పెళ్ళికూతురి అన్నగారి స్పెషల్, పాతికేళ్ళు ఆలస్యంగా నడుచుచున్నది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము!"

అమర్‌నాథ్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"వచ్చినా, ఆగడానికి ఆ బండికి మొగం సెల్లదు."

ఈ మాట కాగితంలో లేదు. ఎరిక్ పెదాలు ఆలస్యంగా కదిలాయి.

జనం ఇంకా నవ్వారు. జెన్నిఫర్ మాత్రం నవ్వలేదు.

చప్పట్ల మధ్యనే ఎరిక్ తెర వెనక్కి పరుగెత్తాడు. కుర్చీలో మైకూ కాగితమూ ఉన్నాయి. మనిషి లేడు.

గుమ్మం దాటి చూస్తే ఆయన టోటో రిక్షా ఎక్కుతున్నాడు.

"స్టేషన్, దాదా."

కనీసం భోజనానికి ఉండమందామని ఎరిక్ నోరు తెరిచాడు. ఎంత అరిచినా గాలే. ఆగమని గట్టిగా చప్పట్లు కొట్టాడు. హాల్లోని చప్పట్లలో అవి కలిసిపోయాయి. టోటో సందు మలుపు తిరిగింది.

పరువు నిలబెట్టిన మనిషికి ఒక్క మాట చెప్పుకోలేకపోయానే అని ఉసూరుమంటూ వెనక్కి వచ్చాడు.

గుమ్మంలో జెన్నిఫర్ నిలబడి ఉంది. కళ్ళు తుడుచుకుంటున్నా ఆగడం లేదు. ఎరిక్ రెండు చేతులూ పట్టుకుంది.

"అన్నయ్యా, మా అన్నని నువ్వెప్పుడూ సూడనేదు కదా... ఆ గొంతు అచ్చం ఎలాగ దించీసినావు?"