పెంచలయ్య నడక

కార్డులూ సంతకాలూ పోయి, మనిషికి నడకే గుర్తింపయిన రోజులవి. రేషనివ్వాలన్నా, బస్సెక్కనివ్వాలన్నా కెమెరాలు నడకే చూసేవి.

"బ్యాంకు దోచింది మీ ఆయనేనమ్మా," అన్నాడు ఎస్సై గుమ్మంలో నిలబడి. "ముసుగేసుకున్నా నడక దొరికిపోయింది. ఎక్కడున్నాడు?"

మస్తానమ్మ గోడమీద దండేసిన ఫోటో చూపించింది. "పోయి మూణ్ణెల్లయింది నాయనా."

ఎస్సై తెల్లబోయి, ఫోన్‌లో వీడియో పెట్టి ఆమె చేతికిచ్చాడు. కుడికాలు ఈడుస్తూ, భుజం ఎగరేస్తూ అచ్చం పెంచలయ్యే నడిచిపోతున్నాడు. బతికుండగా ఆ కాలంటే సిగ్గుపడి, ఫోటోలకీ వీడియోలకీ కూర్చునే దిగేవాడు.

అప్పుడామె చూపు వీడియోలో అతని కాళ్లకున్న చెప్పుల మీద పడింది. ఒక మడమ ఎత్తుగా కుట్టించిన జత! పెద్దకర్మ నాడు దానానికి కొత్తవి తెమ్మని పంతులు అంటే, ఇవే గట్టిగా ఉన్నాయని ఇచ్చేసింది. వాటితో ఎవరు నడిచినా ఆయన నడకే వస్తుందని తట్టలేదు.

"ఆ చెప్పులు ఆయనవి. నేనే దానమిచ్చా."

"ఎవరికమ్మా?"

వీడియో అయిపోయింది. మస్తానమ్మ మాత్రం ఫోన్ వదల్లేదు.

"చెబుతా నాయనా. ముందు ఆయన్ని ఇంకొక్కసారి నడిపించు."