ఇసుకరాళ్ళ పర్మిట్

“పర్మిట్ కాపీ ఏదీ, తంబీ?”

నారాయణస్వామి తలెత్తకుండానే అడిగాడు. నవనీత్ జేబులు తడుముకున్నాడు.

బెడోక్‌లోని ఫొటోగ్రఫీ క్లబ్బు ఆఫీసు గది అది. పక్క హాల్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకో అరగంటలో బహుమతుల సభ. మొదటి బహుమతి నవనీత్‌దే. అమెరికా ఎడారిలో ఎర్రటి ఇసుకరాళ్ళు అలలు అలలుగా వంపులు తిరిగి ఉన్న ఫొటో అది. అక్కడికి రోజుకి కొద్దిమందినే పోనిస్తారు. అదీ లాటరీలో పేరొచ్చి పర్మిట్ దక్కితేనే. నవనీత్ నాలుగేళ్ళుగా నెలనెలా దరఖాస్తు పెడుతున్నాడు. నెలనెలా క్షమించమంటూ మెయిల్ వస్తోంది. చివరికి ఆ మెయిల్ రాకపోతేనే తోచనట్టు తయారయ్యాడు.

“ఇంట్లో మర్చిపోయానంకుల్.”

“ఫోన్‌లో ఉంటుంది కదా? ఈ కాలం పిల్లలు పెళ్ళి సర్టిఫికెట్ కూడా ఫోన్‌లోనే పెట్టుకుంటారు లా.”

“పాత ఫోన్‌లో ఉందంకుల్.”

తను చెప్పిన అబద్ధం తనకే నమ్మబుద్ధి కాలేదు. నారాయణస్వామి అంటే మాటలా! తాతల నాడే విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఈ ద్వీపదేశంలో స్థిరపడి, ‘తంబీ’, ‘లా’ అంటూ ఇక్కడి యాసలోకి దిగిపోయిన కుటుంబం. క్లబ్బుకి అధ్యక్షుడు, ఈ పోటీకి జడ్జి. ఆ ఎడారి లోయకి మూడుసార్లు వెళ్ళొచ్చానని ఆయన చెప్పని మీటింగు లేదు. అలాంటి మనిషి ముందా ఈ బుకాయింపు?

“పర్మిట్ కాపీ ఫైల్లో పెట్టాలని కమిటీ పట్టుబట్టింది. పైగా నీ ఫొటో తెరమీద వేసి, ఆ చోటు గురించి పది నిమిషాలు నేను మాట్లాడాలి,” అంటూ ఆయన నోట్‌బుక్ తెరిచాడు. “సరే, కాగితం సంగతి తర్వాత చూద్దాం. కారెక్కడ పెట్టావు?”

“మట్టిరోడ్డు పక్కన అంకుల్.”

“అక్కడ్నించి నడక?”

“రెండు... రెండున్నర గంటలు.”

“ఏ టైముకి తీశావు?”

“మధ్యాహ్నం. నీడలు అడ్డు రాకుండా.”

ఇంటర్నెట్లో చదివిందంతా నవనీత్ అప్పజెబుతున్నాడు. ఆయన ఒక్క ముక్క వదలకుండా రాసుకుంటున్నాడు. రేపు ఈ పుస్తకమే సాక్ష్యమవుతుంది. పర్మిట్ లేకుండా పరాయి దేశంలో నిషిద్ధ ప్రదేశంలోకి దూరాడని ఎవరైనా ఒక్క ఉత్తరం రాస్తే చాలు, ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ గోవిందా. పోనీ అసలు వెళ్ళనేలేదని చెబితే? తను పనిచేసే చాంగీ ఆఫీసు నుంచి పన్నెండు మంది వచ్చి హాల్లో కూర్చున్నారు, మేనేజరుతో సహా. రేపట్నించి ఆ ఆఫీసులో తలెత్తుకుని తిరగగలడా?

“దారి ఎలా కనుక్కున్నావు? బోర్డులేమైనా ఉన్నాయా?”

“ఉండవంకుల్. పర్మిట్‌తో పాటు దారి ఫొటోలు ఇస్తారు. వాటిని చూసుకుంటూ వెళ్ళడమే.”

నారాయణస్వామి పెన్ను ఆగిపోయింది. కళ్ళజోడు తీసి నవనీత్ వైపు చూశాడు. ఏసీ గదిలోనూ ఆయన నుదుటిమీద చెమట పట్టింది. కోపం వస్తే ఆయనకలా చెమట పడుతుందని క్లబ్బులో అందరూ అంటారు. ఎక్కడో తప్పు చెప్పానని నవనీత్‌కి అర్థమైంది. ఎక్కడో మాత్రం అర్థం కాలేదు.

జేబులో ఫోన్ కదిలింది. హాల్లో ఉన్న భార్య శ్రీజ మెసేజ్ పెట్టింది. ‘మీ మేనేజర్ పూలగుచ్ఛం కూడా తెచ్చాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నిజం చెప్పేసి వచ్చెయ్, ఇంటికి పోదాం.’

“తంబీ, నిన్నే అడిగేది. నువ్వు నిజంగా అక్కడికి వెళ్ళావా?”

ఇంక తన వల్ల కాలేదు.

“లేదంకుల్. వెళ్ళలేదు. నాలుగేళ్ళుగా లాటరీలో నా పేరే రాలేదు.”

“మరి ఈ రాళ్ళు?”

“రాళ్ళు కావంకుల్. మడతకాజా.”

“ఏమిటీ?”

“శ్రీజ చేసింది. పుంగ్గోల్‌లో మా ఫ్లాట్‌లో, వంటింటి గట్టుమీద. కొంచెం ఎక్కువ వేగి ఎర్రగా వచ్చింది. పొరలు చూస్తే అచ్చం ఆ రాళ్ళలాగే అనిపించాయి. పక్కనుంచి టార్చి వేసి, మాక్రో లెన్స్‌తో దగ్గరగా తీశాను. అంచుల మీద ఆ మెరుపు ఎండది కాదంకుల్, పాకానిది. కడుపుమంట కొద్దీ, బుద్ధి గడ్డి తిని పోటీకి పంపేశాను.”

“ఇప్పుడా కాజా ఎక్కడుంది?”

“తినేశామంకుల్.”

నారాయణస్వామి లేచాడు. వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టాడు. కమిటీని పిలుస్తాడో, పోలీసులనే పిలుస్తాడో! నవనీత్ కుర్చీ అంచుకి జరిగి, రెండు చేతులూ జోడించాడు.

“అంకుల్, బహుమతి వెనక్కి తీసేసుకోండి. బయటికి మాత్రం పొక్కనీయకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగాడు. రుమాలుతో మెడా మొహమూ తుడుచుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“అమ్మయ్య! అయితే నువ్వూ వెళ్ళలేదన్నమాట!”